మామయ్య గొంతు తిరిగిన వీధి

మొన్న పొద్దున పప్పుకి తాలింపు వేస్తుంటే ఫోన్ మోగింది. "నమస్కారం అండీ, నేను మీ అభ్యర్థిని" అంటూ ఒక మగ గొంతు గడగడా చదివేస్తుంటే నేను గరిటె పక్కన పెట్టి, "బాబూ, తమరు బతికే ఉన్నారా?" అని అడిగేశాను. రికార్డు చేసిన గొంతుకి నా మాటేం వినపడుతుంది? ఆటోనగర్‌లో షాపు తెరవడానికి బయల్దేరుతున్న మా ఆయనకి మాత్రం వినపడి, నీకేమన్నా పిచ్చా అన్నట్టు చూశారు. ఆయనకేం తెలుసు, మాది మగ్గాల వీధి.

కంకిపాడు దాటాక కాలవ పక్కన ఉండేది మా వీధి. తెల్లారేసరికి ఈ కొస నుంచి ఆ కొసకి నిలువు పోగుల పడుగులు పరిచి గంజి పెట్టేవాళ్లు. ఆ పులిసిన గంజి వాసనా, దండేల మీద నీళ్లు కారుతూ వేలాడే రంగు నూలూ, ఆ నూలు చిలపల చాటున మా దాగుడుమూతలూ, ఇంటింటా నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే పెద్దవాళ్లూ, అదీ మా లోకం. మగ్గం మీద కూర్చున్న మనిషి ఎవరొచ్చి పిలిచినా లేచి రాడు, నూలు కండె ఉన్న నాడె అటూ ఇటూ విసురుతూనే లోపల్నుంచి బదులిస్తాడు. కొత్తగా వచ్చినవాళ్లకి గోడలు మాట్లాడుతున్నట్టుండేది. వానాకాలం ఆ గుంటల్లోకి నీళ్లు ఊరేవి, ఎందుకంటే మురుగు పోయే దారికి అడ్డంగా మా ఊరి సర్పంచి తన చేపల చెరువుకి గట్టు వేయించుకున్నాడు. పడుగు నాని కుళ్లిపోతే ఆ నెల మా పొయ్యిల్లో పిల్లి లేచేది కాదు.

అందుకే నా చిన్నప్పటి పంచాయతీ ఎన్నికల్లో సర్పంచి మీద మా నాన్న వీరభద్రం మామయ్యని నిలబెట్టాడు. ఆయన మా నాన్నకి పెదనాన్న కూతురైన మాణిక్యం అత్తయ్య భర్త, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. నాయనమ్మ పోస్టర్లకి గంజి కాచింది, అమ్మ మిగిలిపోయిన గుడ్డతో జెండాలు కుట్టింది, పిల్లలం మోచేతుల దాకా గంజి పూసుకుని గోడలన్నీ పాడు చేశాం. గుర్తు కత్తెర వచ్చిందని తెలిసి నాయనమ్మ మొహం మాడ్చుకుంది, మగ్గం ఉన్నింట కత్తెర బొమ్మ ఏం శకునమని.

రోజంతా అరిస్తే గొంతు పోతోందని మామయ్య ఒక క్యాసెట్ రికార్డు చేయించుకున్నాడు. అందులో ఉపన్యాసమేమీ లేదు. వీధి మొదలు నుంచి ఒక్కో ఇంటినీ వరసపెట్టి పిలిచి, అన్నాలు తిన్నారా అని అడిగి, లోపలి బదులు కోసం కాసేపు ఆగి, అప్పుడు ఓటు అడుగుతాడు. రిక్షాకి మైకు కట్టి, ఆ ఆగినచోటల్లా రిక్షా ఆపేవాళ్లు. చివర్న తన సొంతింటిని కూడా వదల్లేదు, "మాణిక్యం, నాకు అన్నం ఉంచావా?" అని సరసమాడాడు. అది విన్నప్పుడల్లా వీధంతా ఒకటే నవ్వు.

పోలింగ్ దగ్గర పడ్డాక మామయ్య గుండె ఆగి పోయాడు. ఓటు కాగితాలు అచ్చయిపోయాయి, పేరు తీసేది లేదన్నారు ఆఫీసర్లు. మనం చేతులు ముడుచుకుంటే సర్పంచే మళ్లీ వస్తాడు, పోయిన మనిషి గెలిస్తే ఇంకో ఎన్నిక పెడతారు, అప్పుడు మనవాణ్ణి ఇంకొకణ్ణి నిలబెట్టుకోవచ్చు అన్నాడు నాన్న. పెద్దకర్మ కూడా కాలేదు.

"పోయినోణ్ణి వీధుల్లో తిప్పమాకురా" అంది నాయనమ్మ.

"మగ్గమెక్కిన పడుగుని మధ్యలో తెంపుతామా అమ్మా?" అని నాన్న రిక్షాకి మళ్లీ మైకు కట్టించాడు.

దీపాలు పెట్టే వేళకి మామయ్య గొంతు వీధి మలుపు తిరిగి మా గుమ్మం ముందుకొచ్చింది. "అత్తయ్యా, అన్నాలు తిన్నారా?" అని అడిగి ఆగింది. వద్దన్న నాయనమ్మే, రాట్నం తిప్పుతూ, "తిన్నాం అల్లుడూ" అనేసింది. అని, రాట్నం ఆపేసి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అమ్మ వెనక్కి చేరాను. రిక్షా ముందుకు పోతుంటే ఎదురింట్లోంచి, పక్కింట్లోంచి, మగ్గాల చప్పుడు ఆగకుండానే, ఎన్నాళ్ల అలవాటో ఏమో, చచ్చిన మనిషికి బదుళ్లు వస్తూనే ఉన్నాయి. గొంతు చివరింటి దగ్గరికి పోయింది. అన్నం ఉంచావా అని అడిగింది.

చీకటి గదిలోంచి అత్తయ్య, "ఉంచానండీ" అంది.

ఎవరూ నవ్వలేదు. రిక్షా తొక్కే మనిషి ఆ సాయంత్రమే పని మానేస్తే మర్నాటి నుంచి నాన్నే తొక్కాడు. అత్తయ్య రోజూ ఆ వేళకి కంచంలో అన్నం పెట్టి గుమ్మం వైపు చూస్తూ కూర్చునేదని అమ్మ నాన్నతో చెప్పి, ఇక ఆపమని కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. నాన్న ఆపలేదు. పోలింగ్ దాకా తిప్పాడు.

మామయ్య గెలిచాడు. నాన్న పరుగున అత్తయ్య దగ్గరికి వెళ్లాడు, వెనకాలే నేనూ. గెలిచాం చెల్లెమ్మా అన్నాడు. ఆమె మొహంలో సంతోషం లేదు, ఏడుపూ లేదు.

"ఓట్లయిపోయినయ్యిగా అన్నయ్యా. ఇంక ఆయన్ని ఇంటికి పంపించండి."

మా నాన్న ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

మళ్లీ పెట్టిన ఎన్నికలో మావాళ్లే వచ్చారు, గట్టు తవ్వించారు, మురుగు పోయింది. అత్తయ్య ఆ క్యాసెట్ నాన్నని అడిగి తీసుకుంది; ఆమెతోపాటే అదీ పోయింది. ఈమధ్య వెళ్లి చూస్తే వీధిలో ఒక్క మగ్గం లేదు, గుంటలన్నీ పూడ్చి టైల్స్ వేసుకున్నారు, పిల్లలు గన్నవరం వైపు కంపెనీ బస్సులెక్కి పోతున్నారు. ఎంత వాన పడినా ఇప్పుడా వీధిలో చుక్క నీరు నిలవదట, ఎవరో గొప్పగా చెప్పారు. ఆ గుంటలు తడవకుండా ఉండాలని కదా, చచ్చిన మనిషిని కూడా ఇంటికి పోనివ్వకుండా తిప్పాం.