అఫ్రోజ్, నేను పెట్టుకున్న 'చుప్' మార్కు

మా చిన్నప్పుడు... సినిమా చూసిన రోజే అది బాగుందో లేదో చెప్పకూడదు. మర్నాడు పొద్దున బడికి నడిచేటప్పుడే చెప్పాలి. రాత్రి పడుకుని లేచాక కూడా మనసులో ఏం మిగిలిందో, దానికే మార్కు. అది అఫ్రోజ్ పెట్టిన నియమం.

అఫ్రోజ్ మా పక్కింటి అమ్మాయి. ఫలక్‌నుమాలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. గల్లీ చివర వీడియో గేముల దుకాణం ఉండేది కానీ, అక్కడికి ఆడపిల్లలం వెళ్లకూడదు. అందుకని వాళ్ల మామూ ఇచ్చిన పాత గేమ్ డబ్బాను మా టీవీకి తగిలించుకుని మా ఇంట్లోనే ఆడేవాళ్లం. సినిమా సీడీలు మాత్రం మా పెద్దమ్మ కొడుకు కిరణ్ అన్న తేవాల్సిందే...

పేపర్లో సినిమాలకు వేసే చుక్కలు చూస్తే అఫ్రోజ్‌కు ఒళ్లు మండేది.

"మూడు చుక్కలంటే ఏంది సప్నా? ఏడ్చిండ్రా, నవ్విండ్రా, నిద్రపోయిండ్రా... ఏం సమజైతది?" అంది ఒకరోజు. నా పేరు స్వప్న. ఆమె నోట్లో ఎప్పుడూ సప్నానే.

అలా మా మార్కులు మేమే తయారుచేసుకున్నాం. అంకెలు లేవు. నచ్చకపోతే 'బేకార్'. చూస్తూ చూస్తూ బియ్యం ఏరేయగలిగితే 'టైంపాస్'. చేతిలో చాట అలాగే ఆగిపోతే 'మస్తు'.

ఆ పైన ఇంకొకటి ఉండాలన్నాను నేను. కొన్ని సినిమాలు అయిపోయాక మాట రాదు కదా... టీవీ కట్టేసినా అక్కడే కూర్చుండిపోతాం కదా... దానికి 'చుప్' అని పేరు పెట్టాను. గేములకూ ఇవే మార్కులు. ఓడిపోయాక లొల్లి చేయకుండా, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే ఆ గేము చుప్.

ఇద్దరం ఒప్పుకుంటేనే చుప్. ఒకసారి ఒక కుక్క చచ్చిపోయే సినిమాకు ఇద్దామని నేను పట్టుబట్టాను. "కుక్క సచ్చిపోతే ఎవరైనా ఏడుస్తరు. గది సినిమా గొప్పతనం కాదు" అంది అఫ్రోజ్. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ఆలోచిస్తే ఆమె చెప్పిందే నిజమనిపించింది.

కిరణ్ అన్న నవ్వేవాడు. "ఏందే మీ లొల్లి? సినిమానా, పరీక్షనా?" అనేవాడు.

పెద్దయ్యాం. అఫ్రోజ్ పెళ్లయి టోలీచౌకీ వెళ్లింది. నేను ఉద్యోగంలో పడ్డాను. అయినా ఏదైనా సినిమా చూస్తే మర్నాడు ఫోన్లో మా మధ్య ఒక్క మాట... అంతే.

పోయిన ఏడాది అఫ్రోజ్ ఒక వీడియో పంపింది. అందులో కిరణ్ అన్న! సొంత ఛానల్, వెనక ఎర్ర లైట్లు. "చిన్నప్పుడు నేను కనిపెట్టిన రేటింగ్ భాయ్ ఇది... బేకార్, టైంపాస్, మస్తు... చుప్!" అంటూ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. సినిమా వదిలిన వెంటనే, థియేటర్ మెట్ల మీదే నిలబడి చుప్ ఇచ్చేశాడు. తర్వాతి శుక్రవారం ఇంకో చుప్... ఆ తర్వాత ఇంకోటి...

'అన్నా, ఇది అఫ్రోజ్‌దీ నాదీ కదా' అని కింద రాశాను. సాయంత్రానికి నేను రాసింది అక్కడ లేదు.

బోనాల రోజు పెద్దమ్మ ఇంట్లో ఎదురుగానే అడిగాను.

"ఏందే చెల్లె, పిల్లలాటకు గూడ పట్టా కావాల్నా? మీరు ఇంట్ల కూసొని అనుకున్నరు, నేను జనంల వెట్టిన" అన్నాడు.

"కనీసం అఫ్రోజ్ పేరన్న చెప్పన్నా."

"చెప్తే ఏమొస్తది? ఆమె ఎవలకు ఎర్క?"

పెద్దమ్మ నా చేతిలో పళ్లెం పెట్టి, "మనోనికి పేరొస్తే మనకే గదా బిడ్డా. పండుగపూట గివన్నెందుకు" అంది. అమ్మ నా వైపు చూడలేదు. బాపు తల ఎత్తలేదు. అందరూ అన్నం తిన్నారు. నేనూ తిన్నాను.

బయటికొచ్చి అఫ్రోజ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. "తీస్కుంటే తీస్కున్నడు సప్నా... ఒక్క రాత్రన్న ఆగి మార్కు ఎయ్యొచ్చు గదా" అంది.

మొన్న ఇంట్లో సినిమా చూస్తూ, అలవాటుగా "ఇది మస్తు, చుప్ అయితే కాదు" అన్నాను. మా అమ్మాయి పకపకా నవ్వింది.

"కిరణ్ మామను కాపీ కొడుతున్నవా అమ్మా?"

టీవీ కట్టేసి జరిగిందంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నది. విని, "మరి గప్పుడే మీరు వీడియో తీసి పెట్టుకోవాల్సింది గదా" అని ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజుల్లో ఒక మాట మనదని చెప్పడానికి రుజువు కావాలని ఎవరికి తెలుసు... మీరు కూడా చిన్నప్పుడు స్నేహితులతో కలిసి ఏదైనా కనిపెట్టి ఉంటే ఇక్కడ రాయండి. అప్పుడు మీ పక్కన ఉన్నవాళ్ల పేరు కూడా రాయండి.