సార్డీనియా దొర, ముబారక్ అల్ కబీర్ చిన్నమ్మ

ఆ రోజుల్లో కువైట్‌కు కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఊళ్ళో తానేదో పెద్ద ఇంటివాడినని చెప్పుకొనేవాడు. నాకు అది చాల్లేదు. సబ్హాన్‌లోని ఒక గోడౌన్‌లో సామాను దించే నాకు, నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కొడుకు తాను తెప్పించుకున్న డీఎన్‌ఏ పరీక్ష పెట్టెల్లో ఒకటి మిగిలిందని ఇచ్చాడు. బుగ్గ లోపల పుల్లతో రుద్ది పంపితే కొన్నాళ్ళకు కాగితం వచ్చింది: నాలో ఉన్న ఒక గుర్తు మధ్యధరా సముద్రంలోని సార్డీనియా దీవిలో, వేల ఏళ్ళ నాటి ఎముకల్లోనూ దొరికిందట. చదవడం అక్కడితో ఆపేశాను. (మూర్ఖుడికి సగం పేజీ చాలు.) మా ఇంటిపేరువాళ్ళు ఆ దీవి రాజులని, ఓడల్లో తిన్నగా కడపలో దిగారని మేముండే గదిలో అందరికీ చెప్పాను. (కడపకు సముద్రమెక్కడిదని ఒక్కడూ అడగలేదు, వాళ్ళ తెలివీ అంతంతే.) సంగటి మానేసి, సూక్ బజారులో ఆలివ్ కాయలు కొని, కషాయం తాగినట్టు మొహం పెట్టి, "మా వంశం తిండి" అంటూ నమిలాను.

ఒక శుక్రవారం మా అమ్మ చెల్లెలు బస్సెక్కి వచ్చింది. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేసేది; ఆ ఇంటి యజమానురాలిని మామా అనేది. "సంగటీ, చెనక్కాయల ఊరిబిండీ తెచ్చినా రా అబ్బీ. మామా లేసేలోపల కెలికినా, తిను." రాజుగారి చిన్నమ్మ పనిమనిషని తెలిస్తే ఇంకేమైనా ఉందా? "మా ఊరావిడ" అని పరిచయం చేశాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, గిన్నె మూత తీసింది.

సరిగ్గా అప్పుడే గదిలోని గోదావరి పంతులు (దొరికిన కాగితమల్లా చదువుతాడని ఆ పేరు) నా కాగితాన్ని చివరిదాకా చదివాడు. "దొరగారూ, ఈ గుర్తు తల్లి నుంచే వస్తుందటండీ. మీ ఇంటిపేరుకీ దీనికీ సంబంధమే లేదు. పైగా ఆ దీవిలో జనం కూడా బయటి నుంచి పడవలెక్కి బతకడానికొచ్చినోళ్ళేనట."

"పాపం, వాళ్ళ కఫీల్ ఎవురో!" అంది చిన్నమ్మ.

గదంతా గొల్లున నవ్వింది. పంతులు మాత్రం వదల్లేదు. "మీ అమ్మగారికి అప్పచెల్లెళ్ళుంటే వాళ్ళలోనూ ఇదే గుర్తండీ. ఉన్నారా?"

నేను ఇంకో ఆలివ్ కాయ నోట్లో వేసుకున్నాను. చిన్నమ్మే గిన్నె నా ముందుకు జరిపి, "యాడ నాయనా, వాళ్ళమ్మ ఒక్కతే" అంది.

ఆమె వెళ్ళాక ఉండలేక బస్టాపుకు పరిగెత్తి, "చిన్నమ్మా" అని పిలిచాను. ఆమె తిరిగి మా గది వైపు చూసి, "గట్టిగా పిల్చొద్దు రా, వాళ్ళకు ఇనపడుతుంది" అంది.

ఆనాటి గదివాళ్ళెవరైనా ఇది చదివితే తెలుసుకోండి: ఆవిడ మా అమ్మ తోడబుట్టిన చెల్లెలు. ఆలివ్ కాయలు నమిలిన ఆ దొరను తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. సగంలోనే ఆగిపోతుంది.