రచయిత గారి గోడకు నేను వేసిన సున్నం

ఇది విన్నాక మీరెవ్వరూ నన్ను మీ ఇంటి గోడ దరిదాపులకు కూడా రానివ్వరు. అయినా చెబుతాను. పంతొమ్మిది వందల అరవైల్లో ఒక మ్యూజియం కొంపను ఒక్క కుంచెతో ముంచిన మొనగాణ్ణి నేను.

వరంగల్ బజార్లో మాది గోడలకు పూసే సున్నం, ఎర్ర జాజు అమ్మే దుకాణం. పండగొచ్చినా సున్నమే, పెళ్లొచ్చినా సున్నమే. మురికి గోడ కనబడితే మావాళ్లకు అన్నం సహించదు. అలాంటి వంశంలో పుట్టి నౌకరీ చేస్తానంటే మా బాపు పగలబడి నవ్వాడు.

"నెల తిరగకముందే దుకాణంల కూసుంటవ్ బిడ్డా, సూడు!"

నాకు పంతం వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెలో, కాలం చేసిన ఒక పెద్ద రచయిత పాత లోగిలిని మ్యూజియం చేస్తుంటే, అక్కడ కాపలా పనిలో చేరాను. మ్యూజియం కార్యదర్శి గారు తాళంచెవులు ఇస్తూ ఒకటే మాట చెప్పారు.

"ఇగో రాజేశం, ఏదీ కదిలియ్యొద్దు. ఆయన ఎట్ల పెట్టిండో అట్లనే ఉండాలె. తేడా వచ్చిందో, నీ నౌకరీ ఉండదు."

"జర గూడ ఫికర్ చెయ్యకుండ్రి సార్!"

ప్రారంభోత్సవానికి ముందు రచయిత గారి పడకగది ఊడ్వబోయి అదిరిపడ్డాను. మంచం పక్క గోడ నిండా బొగ్గు గీతలు, కొట్టివేతలు! ఏ పోకిరి పిల్లల పనో అనుకున్నాను. అంత గొప్పవాడి ఇంటికి ఇదేం ఖర్మ చెప్పండి? బస్సెక్కి పోయి బాపు దగ్గర సున్నం తెచ్చాను. మంచం, కళ్లజోడు, చేతికర్ర అన్నిటి మీదా గోనెసంచులు కప్పి, పూత మీద పూత వేశాను. ఒక్క వస్తువునూ కదిలించలేదు. గమనించండి, గోడను కూడా కదిలించలేదు.

ప్రారంభోత్సవం నాడు ఊరి పెద్దలతో, రచయిత గారి భార్యతో కార్యదర్శి గారు పడకగది ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు. మెచ్చుకోళ్ల కోసం నేను ముందే పళ్లికిలించి తయారుగా ఉన్నాను.

"ఈ ఇంటికి ప్రాణం ఈ గదే. రాత్రిపూట ఏదన్న తోస్తె చాలు, మంచం మీదికెల్లి లేవకుండనే గోడ మీద బొగ్గుతోటి రాసుకునేటోరు. ఆ రాతలు సూద్దాం, రాండ్రి!"

నా నవ్వు అక్కడికక్కడే ఎండిపోయింది. తలుపు తెరుచుకుంది. గోడ తళతళ మెరిసింది.

"గోడేది?" కార్యదర్శి గారు గావుకేక పెట్టారు.

"ఆడనే ఉన్నది సార్. కదిలియ్యలే."

"రాతలేవిరా? సున్నం ఎయ్యమని ఎవడు చెప్పిండు నీకు?"

బాపు నవ్వు, దుకాణంలో నాకోసం ఖాళీగా ఉంచిన పీట కళ్లముందు ఆడాయి.

"నేనే ఎయ్యమన్న" అంది వెనకనుంచి రచయిత గారి భార్య.

ఆమె నన్ను చూడటం అదే మొదటిసారి! మెల్లగా వెళ్లి గోడకు అరచెయ్యి ఆనించింది. కళ్లు తుడుచుకోబోయి, చేతికంటిన సున్నం చూసి ఆగి, నవ్వేసింది.

"పెండ్లయి వచ్చిన కాడికెల్లి మొత్తుకున్న, ఈ గోడకు సున్నం ఎయ్యనియ్యుమని. నా చీరెలన్నిటికి బొగ్గే. ఆ మనిషి నా మాట ఇంటెగద!"

"కానీ అమ్మా, ఆ రాతలు..."

"మంచియన్నీ అప్పుడే కాయితం మీదికి ఎక్కిచ్చుకున్నడు. ఈడ మిగిలినయి ఆయనకే నచ్చనియి. పోరన్ని ఏమనకుండ్రి."

కార్యదర్శి గారు అందరినీ పక్క గదికి తీసుకుపోయారు. నా నౌకరీ నిలబడింది. పోతూ పోతూ ఆమె నా చెవి దగ్గర అంది:

"మంచిగేసినవ్ బిడ్డా. సున్నం పట్టుకొని వంటింటి దిక్కు మాత్రం పోకు. ఆడ నా రాతలున్నయి."

నిజమే. పొయ్యి పక్క గోడ మీద, మసి మాటున, ఆమె బొగ్గుతో రాసుకున్న పాటలు ఉన్నాయి. అంతవరకు వాటిని ఎవరూ చూడలేదు. రిటైరయ్యేదాకా, వచ్చిన ప్రతివాళ్లనూ ముందు అక్కడికే తీసుకుపోయాను. నేను తిన్న ప్రతి ముద్దా ఆ తల్లి ఆడిన ఒక్క అబద్ధం పెట్టిందే. ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇక ఆనాడే దుకాణానికి పోయి బాపు తక్కెడ ముట్టుకుని ఒట్టేశాను: ఈ జన్మలో సున్నం జోలికి పోను. పోలేదు కూడా. ఆఖరికి నా పెళ్లిలో తాంబూలం కూడా సున్నం లేకుండానే నమిలాను.