శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి దాకా

మా ఆయన ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. బందరు నుంచి గుడివాడ, లేదంటే బందరు నుంచి అవనిగడ్డ, కోడూరు. ఎటు వెళ్లినా చదును నేలే. ఎత్తు అంటే కాలవల మీద వంతెనలు, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటే వంతెన, అంతే. "ఘాట్ రోడ్డు ఒక్కటి ఎక్కకుండానే రిటైరైపోయాను. డ్రైవర్నని చెప్పుకోడానికి నామోషీగా ఉంటుంది" అనేవారు. నవ్వుతూనే అనేవారు గానీ అందులో కొంత నిజం కూడా ఉండేది.

రిటైరైన ఏడాదే కిడ్నీలు రెండూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. పొద్దున ఏడింటికి మంచం ఎక్కితే పదకొండు దాటాక దిగేవారు. ఆయన్ని అక్కడ దింపి నేను స్కూలుకి వెళ్లేదాన్ని. తెలుగు టీచర్ని. భోజనాల బెల్లు కొట్టగానే వెళ్లి ఆటోలో ఇంటికి తెచ్చేదాన్ని. తిరుగుదారిలో ఆయన మాట్లాడేవారు కాదు. ఒంట్లో సత్తువంతా ఆ మిషన్ దగ్గరే వదిలేసి వచ్చినట్టుండేవారు.

ఒకరోజు మాత్రం ఆటో ఎక్కగానే ఫోన్ నా చేతిలో పెట్టారు. మంచం మీద ఆ నాలుగు గంటలూ చూస్తూ పడుకున్న వీడియో అది. మారేడుమిల్లి దాటి బాగా లోపలికి, ఏటి ఒడ్డున ఎవరో పెట్టిన ఫామ్. నాలుగు పెంకుటి గదులు, ఆవులు, రెండు గుర్రాలు. వెనకంతా కొండలు.

"ఒక్క రాత్రి ఉంటే చాలు టీచరమ్మా" అన్నారు. ఆయన హుషారుగా ఉన్నప్పుడు నన్నలా పిలిచేవారు.

ఆ వారం నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. రక్తపరీక్షల కాగితం వెనక టైంటేబుల్ రాశారు. శుక్రవారం డయాలసిస్ అవగానే గుడివాడ వెళ్లి రైలెక్కడం, రాత్రికి రాజమండ్రిలో దిగి పడుకోవడం. పొద్దున్నే కారు. ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. సోమవారం ఏడింటికల్లా మళ్లీ మంచం మీద. వారంలో అంత ఖాళీ మాకు అదొక్కచోటే ఉంది. ఆదివారం గుడికి రావడం కుదరదని మా పాస్టరుగారికి ముందే చెప్పేశారు. బజారుకి వెళ్లి ఒక స్వెట్టర్ కొన్నారు. బందరు ఉక్కలో స్వెట్టర్ తొడుక్కుని అద్దం ముందు నిలబడితే చెమటలు కారిపోతున్నాయి. అయినా చాలాసేపు విప్పలేదు.

డయాలసిస్ చేసే అమ్మాయి, "డాక్టర్‌గారిని అడగండి బాబాయ్‌గారూ, రెండ్రోజులే కదా, ఒప్పుకుంటారు" అంది. డాక్టరుగారు ఒప్పుకున్నారు కూడా. నీళ్లూ ఉప్పూ జాగ్రత్త అని ఆయనతో చెప్పి, నన్ను పక్కకి పిలిచారు.

"ఊపిరి ఆడకపోతే గంటలో ఆస్పత్రికి చేరగలిగే చోటేనామ్మా?"

నాకు వెంటనే మే నెలలో ఆదివారం ఒకటి గుర్తొచ్చింది. ఎండ తట్టుకోలేక ఆయన నాకు చెప్పకుండా రెండు గ్లాసుల మజ్జిగ ఎక్కువ తాగారు. ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి, సాయంత్రానికి కూర్చోలేకపోయారు, పడుకోలేకపోయారు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, నోరు తెరుచుకుని గాలి కోసం చూశారు. మా ఇంటి నుంచి ఆస్పత్రికి ఆటోలో ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ ఆయన గోళ్లు నా చేతిలో దిగబడే ఉన్నాయి.

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఎవరూ లేనప్పుడు వీడియోలో ఉన్న నంబరు చూసి ఆ ఫామ్ యజమానికి ఫోన్ చేశాను. మర్యాదస్తుడే.

"దగ్గర్లో ఆస్పత్రి ఉందాండీ?"

"చిన్నది ఉంది మేడమ్. పెద్దదంటే రాజమండ్రే. మూడు గంటలు. వానాకాలమైతే ఇంకొంచెం పట్టుద్ది."

"అవసరమైతే అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే..."

"ఫోన్ల కోసం నేనే రోజూ మారేడుమిల్లి వస్తుంటా, ఫామ్ దగ్గర సిగ్నల్ ఉండదు మేడమ్. అందుకే వస్తారు మా దగ్గరికి అందరూ."

మేం రావడం లేదని చెప్పేశాను.

ఆ వారం శుక్రవారం ఆయన అన్నం ముందు కూర్చున్నప్పుడు, కంచంలోకే చూస్తూ చెప్పాను. "ఫోన్ చేశానండీ. వానలకి కొండచరియ విరిగి రోడ్డు మీద పడిందంట. దారి మూసేశారంట."

"అలాగా" అన్నారు. అన్నం కలుపుతూ, "బాగుచెయ్యకుండా ఉంటారా. అప్పుడే వెళ్దాం" అన్నారు.

ఆ తర్వాత కూడా ప్లాను ఆగలేదు. రోజూ ఏదో ఒకటి మార్చేవారు. రైలు కాదు కారులోనే పోదాం అనేవారు. దుప్పటి మనదే తీసుకెళ్దాం అనేవారు. నేను ప్రతిదానికీ సరేనండీ అనేదాన్ని. అలా రెండు నెలలు. పిల్లలకి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఎప్పుడో ఒకప్పుడు ఆయనే ఆ నంబరుకి ఫోన్ చేస్తారేమోనన్న భయం.

అక్టోబరులో ఆయన అన్నగారి జ్ఞాపకార్థ కూడికకి దివిసీమలో వాళ్ల ఊరు వెళ్లాం. వచ్చేటప్పుడు అవనిగడ్డలో బస్సెక్కాం. మోపిదేవిలో గుడికొచ్చిన జనం ఎక్కితే బస్సు నిండిపోయింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ, మామూలుగా అన్నారు.

"ఆ రోడ్డు మూసిందేమీ లేదంటగా."

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"నువ్వు చెప్పిన మర్నాడే. ఎప్పటికి బాగవుద్దో కనుక్కుందామని చేశా. ఏ రోడ్డండీ అన్నాడాయన."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే, సరే పదండి వెళ్దాం అంటావు. అప్పుడు నిజంగా వెళ్లాల్సొస్తుంది." ముందు సీటు కమ్మీ మీద చెయ్యి వేశారు. డయాలసిస్ సూదుల కోసం నరాలు కలిపి కుట్టిన ఫిస్తులా ఉన్న చెయ్యి, తాళ్లు పేనినట్టు ఉబ్బిన నరాలు. "గాలి అందనప్పుడు ఎట్టా ఉంటుందో నీకు తెలీదు. అంత దూరం వెళ్లి మళ్లీ ఆ బాధ పడలేను నేను."

నాకు జాలి కలగాల్సింది. కోపం వచ్చింది. "రెండు నెలల్నించి తప్పు చేసినదాన్లా తిరుగుతున్నానండీ నేను. చూస్తూ ఊరుకున్నారా?"

"మాట్లాడుకోడానికి బాగుంది కదా" అన్నారు.



ఆ తర్వాత ఆయన కొండల ఊసు ఎత్తలేదు. అదే నేను తట్టుకోలేకపోయాను. డయాలసిస్ మంచం మీద ఫోన్ పక్కన పెట్టేసి సీలింగ్‌కేసి చూస్తూ పడుకునేవారని ఆ అమ్మాయి చెప్పింది. ఒకరోజు నేనే, "చలికాలంలో వెళ్దామాండీ, రాజమండ్రిలో ఒక డయాలసిస్ చేయించుకునేట్టు మాట్లాడదాం" అన్నాను. "ఇప్పుడెందుకులే" అన్నారు. బతిమాలాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

డిసెంబరులో ఫిస్తులా మూసుకుపోయింది. మెడ దగ్గర గొట్టం వేశారు. దానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. జ్వరం మూడు రోజులు దిగలేదు. ఐసీయూలో ఉండగా ఒక బుధవారం పొద్దున్న పోయారు. వాళ్ల ఊళ్లోనే, అన్నగారి పక్కన సమాధి చేశాం. డయాలసిస్ అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చి, చివరిదాకా నా భుజం పట్టుకునే నిలబడింది.

వెళ్లొద్దనుకున్నందుకు నాకు బాధ లేదు. ఇప్పుడైనా నేను ఆ ప్రయాణం ఆపేస్తాను. కానీ ఆ శుక్రవారం అన్నం దగ్గర, నాకు భయంగా ఉందండీ అన్న ఒక్క మాట అనలేకపోయాను. అనుంటే, నాకూ భయమే అని ఆయన అప్పుడే చెప్పేవారు. తర్వాత కావాలంటే ఇద్దరం తెలిసే ఆ ప్లాన్లు వేసుకునేవాళ్లం. రెండు నెలలు ఒకే ఇంట్లో, ఒకే భయాన్ని చెరొక చోట దాచుకుని తిరిగాం.

సెలవు అయిపోయాక స్కూల్లో చేరిన మొదటి సోమవారం భోజనాల బెల్లు కొట్టారు. నేను సంచి భుజాన వేసుకుని గేటు దాటి, ఆటోని ఆపి, ఎక్కి కూర్చున్నాను. ఎక్కడికండీ అని డ్రైవర్ రెండుసార్లు అడిగాడు.