గీసినవారి గడి

ఈ ఉదయం నంద్యాలలో ఇళ్ళ ప్లాన్లు గీసే మా ఆఫీసులో ఇంజనీరు సారు నా బల్ల మీద ఒక ప్లాను పరిచి, కింద కుడి మూలన ‘గీసినవారు’ అని ఉన్న గడిని వేలితో చూపించి, సంతకం పెట్టమన్నారు. నాలాగా డ్రాఫ్టింగు నేర్చుకున్నవాళ్ళకు ఆ గడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇల్లు ఎవరిదైనా, పేరు ఇంజనీరుదైనా, మన రెండు పొడి అక్షరాలకు దొరికే చోటు అదొక్కటే. కానీ ఆ ప్లాను నేను గీయలేదు. కంప్యూటరులో కొత్తగా పెట్టించిన ఏఐ, సారు నాలుగు మాటలు కొట్టగానే, ఆయన టీ చల్లారేలోపు గీసి పెట్టింది.

అది ఆళ్లగడ్డలో ఒక శిల్పి కట్టుకోబోయే ఇంటి ప్లాను. చూడగానే ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది కళ్ళముందుకొచ్చింది.

అప్పుడు నాకు పని నేర్పింది ఆఫీసులో నాకన్నా సీనియరు, నేను అక్కా అని పిలిచే ఆవిడ. స్థలంలో నిలబడి రానిదే గీత గీయనిచ్చేది కాదు. నేనేమో నలుగురిలో నోరు విప్పలేక, అనాలనుకున్నవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునే రకం. అయినా నన్ను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డలోనే, పాత ఇల్లు తీసి కొత్తది కట్టుకోబోతున్న ఇంకొక శిల్పి ఇంటికి తీసుకుపోయింది. మా ఊరు అదే, ఉలి చప్పుడు వింటూ పెరిగినదాన్నే, అయినా అలాంటి ముంగిట్లో అడుగు పెట్టడం అదే మొదలు. నేను కాగితం మీద గేటు లోపల ఒక స్తంభానికి గుర్తు పెడుతుంటే, చాటలో బియ్యం ఏరుతున్న శిల్పి భార్య నవ్వింది.

“ఈడ స్తంభం పెడ్తే సామి యాడ తిరగల్ల పాపా? మా సామి కాళ్ళు ముందర పెట్టి గేటు దాటడు. అట్ల పొయ్యేది పీనుగ.”

విగ్రహాన్ని బండి మీద పడుకోబెట్టి, తల ముందుకు వచ్చేలా ముంగిట్లోనే తిప్పి, అప్పుడు బయటికి తీసుకుపోతారట. అక్క వెంటనే ఆ స్తంభం కొట్టేయించింది. ప్లానులో ఆ చోట ‘సామి తిరిగే జాగా’ అనే రాశాం. చివరికి గడిలో తన అక్షరాల పక్కన నా అక్షరాలు పెట్టనిచ్చింది.

ఈరోజు ప్లానులో అలాంటి ముంగిలే కారు నిలిపే చోటయింది, సరిగ్గా మధ్యన స్తంభంతో. గీతలు మాత్రం అద్దంలా ఉన్నాయి. శిల్పి ఇల్లని చెప్పాలని సారుకు తోచలేదు, ఏఐ అడగలేదు. ఆ యంత్రం మీద నాకు కోపం లేదు. అడగడం తెలియని దాన్ని తెచ్చిపెట్టి, అడగడం తెలిసిన అక్కను పని తగ్గిందని ఇంటికి పంపేసిన తీరే ఒళ్ళు మండిస్తోంది.

స్తంభం తీసేసి మళ్ళీ గీస్తానన్నాను.

“వాళ్ళడిగినప్పుడు జూద్దాంలే. ఏందీ పాపా, రెండక్షరాలు పెట్టనీకి ఇంత సేపా?”

“నేను గీయలేదు గదా సార్.”

“చెయ్యి నొయ్యకుండా పేరొస్తాంటే వద్దంటావేంది? రేపు గోడ పగిల్తే జనం ఎవుర్నో ఒకర్ని అడగల్ల గదా.”

అంటే పని దానిది, తిట్లు నావి. పెన్ను బల్ల మీద పెట్టేశాను. సారు కోప్పడలేదు, నవ్వుతూ నా అక్షరాలను ఆ కంప్యూటరులోనే కూర్చోబెట్టేశారు. ఇకమీద వచ్చే ప్రతి ప్లాను కిందా అవి వాటంతటవే పడతాయట.

మధ్యాహ్నం అక్కకు ఫోను చేశాను. కోయిలకుంట్లలో ఇప్పుడు జాకెట్లు కుడుతోంది. అంతా విని, “నేను సుద్దముక్కతో గుడ్డ మీద గీస్తాండా పాపా. చంకలో బిగిస్తే తిట్లు నాకే. గీసింది నేనే గదా, పడతా” అంది.

సాయంత్రం ఆళ్లగడ్డలో బస్సు దిగి, ఇంటికి పోకుండా, అడ్రసు అడుక్కుంటూ ఆ శిల్పి ఇంటికి పోయి, ముంగిట్లో స్తంభం వద్దని నోరు విప్పి చెప్పి వచ్చాను. ఇది మా ఊరు కాబట్టి సరిపోయింది. దొర్నిపాడులో, మహానందిలో లేచే ఇళ్ళకు ఎవరు పోయి చెబుతారు? ఒకప్పుడు ఇదే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కొత్తగా కట్టిన ఇళ్ళలో నా గీత ఎక్కడుందోనని వెతుక్కునేదాన్ని. ఇకమీద నా అక్షరాలు లేని ఇల్లు ఒకటైనా కనబడితే బాగుండునని చూసుకుంటూ పోవాలి.