మెట్ల దాకా అందే వైఫై

మోలో పేటలో, చర్చి వెనక సందులో, వాన లేని సాయంత్రం బసీలియా ఇంటి మెట్ల మీద చోటు దొరికేది కాదు.

చేపలమ్మే చోలెంగ్ పై మెట్టు. రిక్షా తొక్కే పీలో అట్టడుగు మెట్టు. నడుమ ఎవరు ముందొస్తే వాళ్ళు. అందరి తలలూ ఫోన్ల మీదికి వంగి ఉండేవి. పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఉన్నట్టుండి ఒకరు నవ్వితే పక్కవాళ్ళు తొంగి చూసేవారు, అంతే. లోపల, అందరూ నాంగ్ అని, అంటే అక్కా అని, పిలిచే బసీలియా పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆ నవ్వులు వినేది. వీపు వెనక మనుషులుండటం ఆమెకు అలవాటు.

ఒకప్పుడు ఆ ముందుగది ఇంటర్నెట్ షాపు, నిండా కంప్యూటర్లే. ఇలోయిలో అనే ఈ రేవు ఊళ్ళో ఏ ఇంట చూసినా ఓడెక్కిన మగవాడు ఒకడుంటాడు. వాళ్ళ పెళ్ళాలు బిడ్డల్ని చంకనేసుకుని వచ్చి, తెర మీద మొహం ఎప్పుడు తేలుతుందా అని కాచుకునేవారు. ఆలస్యమైతే బసీలియాను తిట్టేవారు. మొహం కనబడ్డాక ఏడ్చేవారు. ఆమె అటు తిరిగి కాగితాలు సర్దుకునేది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాడొకడు ఉండేవాడని, వాడూ ఓడెక్కాడని సందులో చెప్పుకుంటారు. ఆమె మాత్రం ఏనాడూ నోరు విప్పలేదు.

తర్వాత చేతుల్లోకి ఫోన్లొచ్చాయి. ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆ వెనకే పాత సామాన్లవాడు కంప్యూటర్లను ఒక్కొక్కటే మోసుకుపోయాడు. ఒక్కటి మాత్రం ఆమె ఇవ్వలేదు. సందులో మనిషి పోతే, తొమ్మిది రోజుల ప్రార్థనలో పంచే చిన్న కార్డులు ఆమే చేస్తుంది. పోయినవాళ్ళ ఫోటో, పేరు, కింద ప్రార్థన. ఆ పని చేసే ప్రోగ్రాం ఆ ముసలి యంత్రంలో తప్ప నడవదు. ఇంటివాళ్ళ ఫోన్‌లోని ఫోటో వైఫై మీదుగా అందులోకి దిగాలి.

ఆ యంత్రానికి పాత రకం తాళమే తెలుసు. అందుకని ఇంటి వైఫైకీ పాత తాళమే వేసి ఉంచింది. పాస్‌వర్డ్ 'లుగావ్', అంటే గంజి. ఎప్పుడో ఒకరికి చెప్పింది, సందంతటికీ తెలిసిపోయింది. ఒకసారి కొడితే చాలు, మళ్ళీ అడిగే పని లేదు. మెట్ల దగ్గరికి రాగానే ఫోనే గుర్తుపట్టి కలిసిపోయేది. ఇంత బలహీనమైన తాళం ఏమిటని ఎవరైనా అంటే, బసీలియా యంత్రం నెత్తిన తట్టి, "నాదేముంది, ఇప్పుడే మార్చేస్తాను. ఈ ముసల్దానికే కొత్తవి ఎక్కవు" అనేది. అబద్ధం కాదు. ఆ జవాబు ఉన్నంతకాలం మెట్లు నిండుగా ఉంటాయని మాత్రం ఆమెకు తెలుసు.

ఆ ఏడు తొలకరి పిడుగుకి వైఫై డబ్బా మాడిపోయింది. కంపెనీ మనిషి రామిల్ కొత్తది తెచ్చి గోడకు బిగించాడు. దానికి కొత్త తాళం. పాస్‌వర్డ్ డబ్బా అడుగున అంటించి ఉంది, అంకెలూ అక్షరాలూ కలిసి నోరు తిరగనంత పొడుగు. పాత కంప్యూటర్లో కొట్టి చూశారు. అది కాసేపు ఆలోచించి, కుదరదంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే మాట.

బసీలియా మనసు కుదుటపడింది. అయితే పాత తాళమే వేసెయ్యమంది.

రామిల్ ఒప్పుకోలేదు. ఒక్క యంత్రం కోసం ఇల్లంతా తెరిచిపెడతారా అన్నాడు. పాత తాళం తియ్యడం దారిన పోయేవాడికి కూడా చేతనవుతుందన్నాడు. సంచీలో వెతికి బొటనవేలంత ముక్క ఒకటి తీసి కంప్యూటర్ వెనక గుచ్చాడు. లోపలున్న పాత వైఫై కార్డుకి సెలవిచ్చి, ఇక ఈ ముక్కతోనే మాట్లాడమని యంత్రానికి నేర్పాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. కలిసింది.

"చూశారా నాంగ్, మా తాత కన్నా పెద్దది, కొత్త పాఠం నేర్చుకుంది. ఇక మీ గుమ్మంలో ఈ సంత ఉండదు."

వద్దని చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట, నాకు ఆ సంతే కావాలి అన్నది. బయటి మనిషి ముందు అది ఎలా అంటుంది? కాఫీ ఇచ్చి పంపించింది.

సాయంత్రం మెట్ల మీద ఫోన్లు మూగబోయాయి. చోలెంగ్ గుమ్మంలోకి తల పెట్టింది.

"నాంగ్, నీ వైఫైకి ఏమయిందే?"

"కొత్త తాళం వేసి పోయాడే. ఉండు, పాస్‌వర్డ్ రాసిస్తాను."

"అబ్బే, ఎందుకులే నాంగ్. నా ఫోన్లో లోడ్ ఉందిగా, రీచార్జి చేయించాను."

ఇక్కడి మర్యాద ఒకటుంది. అన్నం తింటున్నవాళ్ళు దారిన పోయేవాళ్ళని రండి తిందాం అని పిలుస్తారు. పోయేవాళ్ళు ఇప్పుడే తిన్నాం అంటారు, పొద్దుటి నుంచి ఏమీ తినకపోయినా సరే. నిజంగా పెట్టదలిస్తే రెండోసారి పిలవాలి, చెయ్యి పట్టుకుని లాగాలి. మొదటి పిలుపు మర్యాద, రెండోది పిలుపు. ఇది పసిపిల్లలకీ తెలుసు. బసీలియాకీ తెలుసు. ఆమె రెండోసారి పిలవలేదు.

ఎందుకు పిలవలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించింది. జీవితమంతా జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. రమ్మని అడగడం ఆమె నాలుకకి తెలియని పని. పైగా చోలెంగ్ నిజంగానే వద్దనుకుందేమో. లోడ్ ఉందంది కదా.

మర్నాడు మెట్ల మీద మనుషులు తగ్గారు. తర్వాత పీలో ఒక్కడే వచ్చి, కాసేపు ఊరికే కూర్చుని, మోకాళ్ళు నొక్కుకుని వెళ్ళాడు. ఆ తర్వాత అతనూ రాలేదు. నాంగ్‌కి మన గోల విసుగొచ్చి తాళం మార్చిందని సందులో అనుకున్నారు. నోటితో పొమ్మనకుండా ఎంత మర్యాదగా చెప్పిందో అనీ అనుకున్నారు. ఆమె మీద ఎవరికీ కోపం లేదు. అదే ఇబ్బంది. కోపముంటే ఎవరైనా ఒకరు వచ్చి దులిపేవారు.

ఆ నెలలోనే సందు చివర వడ్రంగి ముసలాయన పోయాడు. బసీలియా ప్రింటర్ తుడిచి, మందం కాగితం తెప్పించి కూర్చుంది. ఫోటో రాలేదు. ప్రార్థనకు వెళితే కార్డు చేతికిచ్చారు. పెద్దవీధి దుకాణంలో చేయించినది. అంచులకు బంగారు రంగు వేశారు, ముసలాయన మొహం పక్కకు సాగిపోయింది. చోలెంగ్ పక్కన చేరి నెమ్మదిగా, "నిన్నెందుకు ఇబ్బంది పెట్టడం అనుకున్నారు నాంగ్" అంది. బసీలియా కార్డు బాగుందంది.

ఇంటికొచ్చి యంత్రం ముందు కూర్చుంది. ఎవరినీ అడగక్కర్లేని దారి ఒకటుంది. ఎవరూ సిగ్గుపడక్కర్లేనిది. వైఫై పేరు మునుపటిదే పెట్టింది. పాత రకం తాళం కొత్త డబ్బాలో కూడా ఒక మూల ఉంది, వద్దని ఎర్రక్షరాల్లో హెచ్చరించింది. ఉండనీ అనుకుంది. పాస్‌వర్డ్ లుగావ్. ఎవరైనా అడిగితే మళ్ళీ ఆ పాత జవాబే చెప్పేలా, కంప్యూటర్ వెనక ముక్క పీకేసి, పాత వైఫై కార్డుకి మళ్ళీ ప్రాణం పోసింది. ఇన్నాళ్ళ షాపు పనిలో ఈ మాత్రం చేతికి వచ్చు.

సాయంత్రమయింది. తెర మీద ఫోన్ల పేర్లు తేలసాగాయి. చోలెంగ్. పీలో. ఎదురింటి కుట్టుపనామె. మరచిపోలేదు ఆ ఫోన్లు, ఒక్కటీ మరచిపోలేదు. బసీలియా జుట్టు సర్దుకుని తలుపు తీసింది.

మెట్లు ఖాళీగా ఉన్నాయి.

కాసేపటికి అర్థమయింది. పాత డబ్బాకి మెట్ల దాకానే ఊపిరి. కొత్తది బలమైనది, సందు దాటి వాళ్ళ ఇళ్ళలోకే పోతోంది. వాళ్ళు మంచాల మీద పడుకుని ఆమె వైఫై వాడుకుంటున్నారు. పోయిన వైఫై ఎందుకు తిరిగొచ్చిందో ఎవరూ అడగడానికి రాలేదు. అడగడమంటే వాడుకుంటున్నామని ఒప్పుకోవడం.

ఆమె వంటింట్లోకి వెళ్ళి అన్నం వండే పెద్ద అల్యూమినియం గిన్నె తెచ్చింది. డబ్బాను గోడ మీంచి దింపి నేల మీద పెట్టి, మళ్ళీ మెట్ల దాకానే అందేలా గిన్నె బోర్లించింది. తెర మీద పేర్లు రాలిపోయాయి.

ఎదుటి వరసలో తలుపు తెరుచుకుంది. పీలో బయటికొచ్చాడు. ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. సందు మధ్య దాకా నడిచాడు. ఇంకొంచెం దగ్గరికొచ్చాడు. అట్టడుగు మెట్టు అందేంత దూరంలో ఆగి, తెరిచి ఉన్న తలుపునీ, అందులో నిలబడ్డ ఆమెనీ చూశాడు. ఫోన్ గబుక్కున జేబులో పెట్టేసుకున్నాడు.

"గాలి కోసం వచ్చాను నాంగ్."

"ఉక్కగానే ఉంది" అంది. కూర్చో అనబోయింది. అతను అప్పటికే తిరిగి నడుస్తున్నాడు.

బసీలియా లోపలికి వెళ్ళి గిన్నె తీసింది. దాహం పెట్టి రప్పించుకున్నవాళ్ళు చుట్టాలవుతారా అనుకుంది. మళ్ళీ వచ్చేసరికి పీలో తన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఫోన్ వెలుగు మొహం మీద పడుతోంది. తలెత్తి, సందుకు అటువైపు నుంచి కనుబొమలు ఎగరేశాడు, ఇక్కడ అదే పలకరింపు. ఆమె కూడా ఎగరేసింది.

తర్వాత పై మెట్టు మీద కూర్చుంది. కిందివన్నీ ఖాళీ.