అమావాస్య నాడు మా తాత పాట

మొన్న ఆదోనిలో పెళ్ళి ఊరేగింపు పోతా ఉంటే, అంత బాగా డ్రమ్ములు వాయించే మనిషి ఎవరబ్బా అని తొంగి చూసినాను. మనిషే లేడు, వ్యాను మీద పెట్టె ఒకటుంది. ఇట్లాంటివి నా ఈడువాళ్ళకు చెప్పుకోకపోతే ఇంకెవరికి చెప్పుకుంటాను!

డెబ్బైలలో మా అన్న గిటారు, నేను డ్రమ్ములు, ఇంకో ఇద్దరు స్నేహితులూ కలిసి ఆదోనిలో రాక్ బ్యాండు పెట్టి, పత్తి వ్యాపారుల పెళ్ళిళ్ళన్నీ దద్దరిల్లించినాము. ఎనభైలలో ఊరూరా క్యాసెట్లు వచ్చినాక, ఇంకొకరి చేత పాడించి పాటను తయారు చేయాలని నాకు పిచ్చి పట్టింది. అన్నకు ఒళ్ళు మండింది. ఒక్క క్యాసెట్టు చేసి చూపించు, బాగుంటే సరే, లేదంటే నోరు మూసుకొని డ్రమ్ముల వెనక కూర్చో అని తేల్చి చెప్పినాడు.

ఎమ్మిగనూరులో మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాయన, మగ్గం నేస్తా తత్వాలు పాడేవాడు. ఆయన చేత పాడించాలని బళ్ళారిలో ఒకాయన్ను బతిమాలి, ఒక్క రోజుకని రికార్డింగు మిషను తెచ్చుకున్నాను. మగ్గాల చప్పుడు టేపులో పడకూడదని, నేతగాళ్ళెవరూ మగ్గం ముట్టని అమావాస్య చూసుకొని మరీ, డ్రమ్ములు కూడా వేసుకొని పోయినాను. ఏం చేస్తానో చూస్తామని అన్న కూడా వెంట వచ్చినాడు. ఎంత తెలివో నాకు!

వీధంతా నిశ్శబ్దంగా ఉంది గానీ తాత గొంతు లేవలేదు. రెండు చరణాలకే తాళం తప్పినాడు. సాయంగా ఉంటుందని నేను డ్రమ్ములు అందుకుంటే, పాపం, వచ్చిన పాట కూడా మరిచిపోయినాడు. సాయంత్రానికి మిషను తిరిగి పంపాల. అన్నేమో గోడకానుకొని నవ్వుతా ఉన్నాడు.

"మగ్గం ఆడకపోతే నాకు పాట రాదప్పా," అన్నాడు తాత, తప్పు చేసినోని మాదిరి.

నాకు ఏడుపొచ్చింది. అమావాస్య నాడు మగ్గం ముట్టమని ఆ పెద్దాయన్ను ఎట్లా అడిగేది? డ్రమ్ములు పక్కకు నెట్టేసి, ఒక చెక్కపీట ముందర పెట్టుకొని, సెలవులకు వచ్చినప్పుడల్లా విన్న ఆయన మగ్గం నడకనే, కాలి తొక్కుడు, పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడె పరుగు, దాని వెంట పడే దెబ్బ, అన్నీ వేళ్ళతో మడమతో మెల్లగా వాయించినాను. తాత కళ్ళు మూసుకున్నాడు. ఉత్త చేతులతో గాలిలో నేస్తా, పొద్దు వాలేదాకా ఎనిమిది తత్వాలు పాడినాడు.

టేపంతా అన్న కూర్చొని విన్నాడు. "నువ్వింక బ్యాండుకు రావద్దులేరా, ఇదే చేసుకో," అన్నాడు. కోపంగానే అన్నాడు గానీ, నా చోటులోకి ఇంకొకరిని ఆయనే వెతుక్కున్నాడు.

అప్పటినుంచి ఎవరు పాడేదానికి వచ్చినా, ఏం పని చేస్తా పాడతావని ముందు అడుగుతాను. ఆ కాలంలో కొందరు జొన్నలు విసురుతా అనేవాళ్ళు, కొందరు కలుపు తీస్తా అనేవాళ్ళు. ఇప్పటి పిల్లలు ఆలోచించి ఆలోచించి, ఊరికేనే పాడతాము సార్ అంటారు. మొదట్లో నాకు దిగులుగా ఉండేది. ఇప్పుడు మాత్రం, ఒకసారి ఆ తలుపుదాకా నడిచి రా నాయనా అని పంపించి, వాళ్ళ అడుగు ఎట్లా పడుతుందో విని, పాటను ఆడనుంచి మొదలు పెడతాను.